బాపుకు చెయ్యి ఊపిన ఎండ్రకాయలు

దీవ్ వెళ్తున్నామని సూరత్‌లో ఎవరికి చెప్పినా ముందు ఒక నవ్వు నవ్వుతారు. గుజరాత్‌లో మందు నిషేధం, దీవ్‌లో లేదు. అందుకని ఆ దీవికి సముద్రం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారని మా గోడాదరాలో ఎవరూ నమ్మరు. పక్కింటి భానుబెన్ అయితే మా అమ్మను మెట్ల దగ్గర ఆపి, "అంకుల్ కూడానా?" అని కళ్ళెగరేసింది. మా అమ్మకు తల కొట్టేసినంత పనయింది. "పిట్టలను సూసెతందుకు పోతున్నం" అని చెప్పిందట. ఆ మాటకు భానుబెన్ ఇంకా గట్టిగా నవ్విందట.

నిజానికి మేం పిట్టల కోసమే వెళ్ళాం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే బాపు కోసం, అంటే మా నాన్న కోసం వెళ్ళాం. మా బాపు కుర్రతనంలోనే కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి మరమగ్గాల మీద చేరాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలు అంటారు. వాటి మధ్య ఒక జీవితకాలం నిలబడితే చెవులు ఎవరికైనా పోతాయి. మా వీధిలో సగం మందికి సరిగా వినపడదు కాబట్టి మిగతా సగం అరుస్తూ మాట్లాడతారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మొదటి వారమంతా ఎక్కడో కొట్లాట జరుగుతోందని కిటికీలు తెరిచి చూస్తుంటారు. బాపు మాత్రం ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. ఎంత చురుగ్గా పట్టుకునేవాడంటే, ఆయనకు వినపడదన్న సంగతి చాలాసార్లు మాకే గుర్తుండేది కాదు.

తర్వాత కరోనా వచ్చింది, అందరి మూతులకూ మాస్కులు వచ్చాయి. కిరాణా కొట్టులో, బస్సులో, మందుల షాపులో ఎవరి పెదాలూ కనపడవు. బాపు ఎవరేమన్నా తల ఊపడం మొదలుపెట్టాడు. పాలు ఎన్ని అని అడిగినా తల ఊపడమే, ఒంట్లో ఎలా ఉందని అడిగినా తల ఊపడమే. ఆయనకు పెదాలతో పనిలేకుండా మాట్లాడే మనిషి ఒక్కరుండేవారు, యాదగిరి కాక. ఇద్దరివీ ఎదురెదురు సాంచాలు. ఆ మోతలో అరిచినా వినపడదు కాబట్టి సాంచాల మీద పనిచేసేవాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు కలిపి టక్కున విడదీస్తే దారం తెగిందని. బొటనవేలు, చూపుడువేలు నలిపితే అతుకు వేశాను, నడిపించు అని. చెయ్యి పైకెత్తి తనవైపు లాక్కుంటే చాయ్ వచ్చింది, రమ్మని. అరచేత్తో పొట్ట మీద గుండ్రంగా రాస్తే సేఠ్ వస్తున్నాడు, జాగ్రత్త అని. బాపు, కాక వీటితో ఊళ్ళో సంగతులు, పిల్లల పెళ్ళిళ్ళు, ఎండలు, వానలు అన్నీ మాట్లాడుకునేవారు. సెకండ్ వేవ్‌లో కాక పోయాడు. ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకువెళ్ళారు. బాపు ఆఖరి చూపు చూడలేదు, ఏడవనూ లేదు. సాంచాలు మళ్ళీ మొదలైనా బాపు పనికి వెళ్ళలేదు. ఇంట్లో మేం మాస్కులు తీసి ఎదురుగా కూర్చుని మాట్లాడినా ఒకటి రెండు మాటలతో సరిపెట్టేవాడు. ఆ తర్వాత అవి కూడా తగ్గాయి.

నేను పెళ్ళయి రెండు వీధుల అవతల ఉంటాను, బట్టల మార్కెట్‌లో ఉద్యోగం. ఒక సాయంత్రం వెళ్ళేసరికి బాపు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. మా టీవీ మామూలుగా వీధి చివరికి వినపడుతుంది. ఆ రోజు శబ్దం పూర్తిగా తీసేసి ఉంది. తెర మీద నీళ్ళలో గులాబీ రంగు పక్షుల గుంపు. బాపు నావైపు తిరిగి, "గివి నిజంగ గీ రంగులనే ఉంటయా బిడ్డా?" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. ఫోన్లో వెతికితే, చలికాలంలో అవి దీవ్ ఖాడీల్లోకి వస్తాయని కనిపించింది. సముద్రపు పాయను ఇక్కడ ఖాడీ అంటారు. డిసెంబర్‌లో మా ఆయనకు పాపను అప్పగించి సెలవు పెట్టేశాను. బాపు మళ్ళీ మాట్లాడాలి, నాకు కావలసింది అంతే. పక్షులు ఆ పని ఎలా చేస్తాయో నాకూ తెలియదు. డాక్టరు రాసిస్తే కొన్న చెవి మిషన్ మాత్రం చెయ్యలేదు, దాన్ని బాపు బీరువాలో దాచేశాడు.

సూరత్ నుంచి దీవ్‌కు రాత్రంతా నడిచే స్లీపర్ బస్సులు ఉన్నాయి. పడుకుని లేచేసరికి దింపుతాయి, సులువైన దారి అదే. మేం మాత్రం హజీరా నుంచి అవతలి ఒడ్డున ఉన్న ఘోఘాకు వెళ్ళే ఓడ ఎక్కాం, ఎందుకంటే సముద్రానికి ఇంత దగ్గర బతికిన బాపు ఒక్కసారి కూడా ఓడ ఎక్కలేదు. ఉదయం ఓడకు గోడాదరా నుంచి చీకటితోనే బయల్దేరాలి, ఊరు దాటడానికే గంటకు పైగా పడుతుంది. మేం వెళ్ళినప్పుడు టికెట్టు మనిషికి ఏడు వందల లోపు ఉంది. రెండు టీకాల సర్టిఫికెట్ ఫోన్లో చూపించందే లోపలికి రానివ్వలేదు. దాటడానికి నాలుగు గంటలు. మాస్కులు, శానిటైజర్ వాసన, కుర్చీ విడిచి కుర్చీలో జనం. ఓడ కదిలాక తెల్లటి సముద్రపు పిట్టలు వెంటపడ్డాయి. జనం శనగపిండి గాఠియాలు గాల్లోకి విసిరితే అవి నీళ్ళు తాకకుండా అందుకుంటున్నాయి. అమ్మ తెచ్చిన సకినాలు కూడా విరిచి విసిరింది. వాటికి సకినాలు నచ్చలేదు, అమ్మ నొచ్చుకుంది.

బాపు ఇంజను గదికి దగ్గరగా ఉన్న బల్ల వెతుక్కుని నిద్రపోయాడు. అందరూ ఆ మోత భరించలేక పైకి పోతుంటే ఈయన చంటిపిల్లాడిలా పడుకున్నాడు. ఘోఘా దగ్గర ఇంజను తగ్గగానే ఉలిక్కిపడి లేచి చుట్టూ చూశాడు. "కరెంట్ పోయిందనుకున్నడు" అని అమ్మ నవ్వింది. సాంచా మనుషులకు ఆ మోత, ఆ అదురు ఆగితేనే మెలకువ వస్తుంది.

ఘోఘా నుంచి భావ్‌నగర్ దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి ఊనా మీదుగా దీవ్ వెళ్ళే ప్రభుత్వ బస్సు. దారంతా పత్తి చేలు, ఉల్లి బండ్లు, మధ్యలో మహువా దగ్గర వేడివేడి భజియాలు. ఈ రోడ్డు ప్రయాణం అయిదారు గంటలు తీసుకుంటుంది, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు నడుముకు దిండు పెట్టుకోండి. వంతెన దాటి దీవిలోకి వచ్చేసరికి దీపాలు వెలిగాయి. మేం దిగిన ఇల్లు జశుబెన్ అనే ఆవిడది. కింద వాళ్ళు ఉంటారు, పైన రెండు గదులు అద్దెకిస్తారు, వంట ఆవిడే చేస్తుంది. సజ్జ రొట్టె, చేపల పులుసు పెట్టి బాపును ఏదో అడిగింది. బాపు తల ఊపాడు. ఆవిడ గిన్నెడు పులుసు మళ్ళీ పోసింది. ఇంకా వెయ్యనా అని ఆవిడ అడిగిన సంగతి బాపుకు అందలేదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

మర్నాడు రోజంతటికీ ఆటో మాట్లాడుకున్నాం, వెయ్యి రూపాయలు. డ్రైవర్ హరిభాయ్ నిండైన మనిషి. ఆయన కూర్చున్నాక ఆటో ముందుభాగం కొంచెం కుంగుతుంది, పొట్ట హ్యాండిల్‌కు ఆనుతుంది. బయల్దేరేటప్పుడు జశుబెన్ టిఫిన్ డబ్బా ఇస్తూ, "ఖాడీలో నీళ్ళు మధ్యాహ్నం తర్వాత దిగుతాయి. బురద తేలాక చూడండి, అసలు తమాషా అప్పుడు ఉంటుంది" అంది. నేను పెద్దగా పట్టించుకోలేదు. నా మనసంతా గులాబీ పక్షుల మీదే ఉంది.

దీవ్‌లో ఉదయం చాలా మెత్తగా మొదలవుతుంది. పాత చర్చి గోడ మీద నెమలి కూర్చుని ఉంటే కింద ఒకామె పళ్ళు తోముకుంటోంది, ఇద్దరూ ఒకరినొకరు పట్టించుకోలేదు. కరెంటు తీగ మీద నీలం రంగు లకుముకి పిట్ట. చేపల బండి వెనకాల వరసగా నాలుగైదు పిల్లులు, బడికి పోతున్నంత క్రమశిక్షణతో. ఫుదమ్ అనే ఊరు దాటాక రోడ్డు పక్కన ఖాడీ వచ్చింది. హరిభాయ్ ఇంజను ఆపి, "సుర్ఖాబ్" అని వేలు చూపించాడు. గులాబీ పక్షులకు ఇక్కడి పేరు అది. పల్చటి నీళ్ళలో పెద్ద గుంపు, తలలు కిందికి వంచి బురద వడకట్టుకుంటున్నాయి. నిజం చెప్పాలంటే టీవీలో ఉన్నంత గులాబీ కాదు. దాదాపు తెలుపే, ఎక్కడో ఒక ఛాయ. గట్టు మీద పెద్ద కెమెరాలతో ఇద్దరు కుర్రాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మేం మెల్లగా దిగాం.

బాపు చూశాడు. చూసి, తన గొంతు ఎంత పెద్దదో తెలియని మనిషి అరిచినట్టు, అమ్మను పేరు పెట్టి పిలుస్తూ అరిచాడు. "అగో! అగో లచ్చవ్వా, గులాబీ పిట్టలు! సూడే!"

గుంపంతా ఒక్కసారి లేచింది. లేచినప్పుడు రెక్కలు విప్పాయి. రెక్కల కింద ఎర్రటి ఎరుపు, అంచున నలుపు. ఆకాశం నిండా ఆ రంగు తిరిగింది. అంత అందం నేను నా జన్మలో చూడలేదు. కానీ కెమెరా కుర్రాళ్ళలో ఒకడు వెనక్కి తిరిగి, "అంకుల్, ఇదేమైనా కార్ఖానా అనుకున్నారా?" అన్నాడు హిందీలో. బాపుకు మాట వినపడలేదు. మాస్కు మీద ఉన్న ఆ కళ్ళు మాత్రం కనపడ్డాయి. నేను గబగబా, "బాపూ, నువ్వు ఒర్రబట్టే రెక్కల రంగు కనబడ్డది" అన్నాను. నా మూతికీ మాస్కు ఉంది. బాపు తల ఊపి, వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు. నాకు ఆ కుర్రాడి మీద వచ్చిన కోపానికి వాడి కెమెరా ఖాడీలో పడెయ్యాలనిపించింది. ఇంత దూరం తీసుకొచ్చి, అడిగిన ఒక్క కోరిక తీరిన క్షణంలోనే మనిషిని మళ్ళీ మూసేశామే అని ఏడుపొచ్చింది.

అక్కణ్ణుంచి పడమటి కొసకు, వణక్‌బారా రేవు వైపు వెళ్ళాం. దారిలో హోకా చెట్లు చూడండి, ఈ చుట్టుపక్కల తప్ప ఎక్కువగా కనపడవు. చూడ్డానికి తాటిచెట్టే, కానీ మధ్యలో రెండుగా, నాలుగుగా చీలి కొమ్మలు వేస్తుంది. తాటివనాల్లో పెరిగిన బాపు అది చూసి మామూలుగా అయితే గంటసేపు వాదించేవాడు, తాడిచెట్టుకు కొమ్మలేందని. ఆటోలోంచి తల బయట పెట్టి చూశాడు, నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. అమ్మ నా చెయ్యి నొక్కింది.

వణక్‌బారా రంగుల రేవు. నీలం, పసుపు పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి, కట్టెల దండేల మీద బూమ్లా చేపలు ఆరుతున్నాయి, వాటి కింద కుక్కలు, పైన గద్దలు. ముక్కు గట్టిగా ఉన్నవాళ్ళే దిగండి. ఒక పడవ మీద వల అల్లుతున్న నడివయసు మనిషి మా మాటలు విని తలెత్తాడు. "ఏటమ్మా, తెలుగోలేనా? ఎక్కడోలు?"

"కరీంనగర్ దిక్కు అన్నా. సూరత్‌ల ఉంటం" అంది అమ్మ. పరాయి రేవులో తెలుగు వినపడేసరికి ఆమె మొహం వెలిగింది.

"మాది సికాకులం. ఏటా వొస్తాం బోట్ల మీదికి. లాక్‌డౌన్‌లో మమ్మల్ని ఒడ్డుకి దిగనివ్వనేదు తల్లీ, బోటులోనే ఉండిపోనాం. ఇంటికెప్పుడెల్తామా అని కళ్ళు కాయలు కాసిపోనాయి" అని చెప్పి, బాపును చూసి, "బాగున్నారా బాబూ?" అన్నాడు.

బాపు అటు చూస్తున్నాడు కానీ ఆ పడవ మనిషి మూతికి తువ్వాలు చుట్టి ఉంది. అమ్మ చెవి చూపించి, "ఆయనకు ఇనరాదు అన్నా" అంది. ఆ చెవి చూపించడం బాపు చూశాడు. మొహం సముద్రం వైపు తిప్పేసుకున్నాడు. ఆ మనిషి నొచ్చుకుని, నాలుగు రొయ్యలు ఆకులో చుట్టి అమ్మ చేతిలో పెట్టాడు. డబ్బు ఎంతకూ తీసుకోలేదు.

భోజనాలకు మళ్ళీ ఖాడీ గట్టుకు వచ్చాం. అప్పటికి నీళ్ళు దిగిపోయి బురద మైదానంలా తేలింది. అమ్మ డబ్బా విప్పుతోంది. హరిభాయ్ ఆటో నీడలో కునుకు తీస్తున్నాడు. బాపు మాకు దూరంగా గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. బురద నిండా చిన్న చిన్న బొరియలు. నేను దగ్గరికి వెళ్ళినప్పుడు ఏమీ లేదు. కదలకుండా నిలబడితే ఒక్కొక్క బొరియలోంచి ఒక్కొక్క ఎండ్రకాయ బయటికి వచ్చింది. గోరంత ప్రాణులు, కానీ ప్రతి మగదానికీ ఒక చెయ్యి ఒంటికంటే పెద్దది. ఆ పెద్ద చెయ్యి పైకెత్తుతుంది, తనవైపు లాక్కుంటుంది. మళ్ళీ ఎత్తుతుంది, మళ్ళీ లాక్కుంటుంది. కాసేపటికి బురదంతా చేతులే. చప్పుడు లేదు, అరుపు లేదు, వందల ఎండ్రకాయలు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. ఆడవాటిని పిలవడానికి అలా ఊపుతాయని తర్వాత హరిభాయ్ చెప్పాడు. జశుబెన్ చెప్పిన తమాషా ఇదే.

నేను బాపు వైపు చూశాను. ఆయన కుడి చెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. పైకి వెళ్ళి, తనవైపు వచ్చింది. చాయ్ వచ్చింది, రా.

ఎవరూ చూడట్లేదనుకుని ఎండ్రకాయలకు జవాబిస్తున్నాడు మా బాపు. కాకను పిలిచినట్టు పిలుస్తున్నాడు. చిన్నప్పుడు నేను బాపుకు సద్ది తీసుకుని కార్ఖానాకు వెళ్ళేదాన్ని. లోపలికి రానిచ్చేవారు కాదు, గుమ్మంలో నిలబడి చేత్తో పిలవాలి. ఆ గుర్తులు కొన్ని నాకూ వచ్చు. ఇన్నాళ్ళూ మేమంతా బాపుకు వినపడేలా ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా మాట్లాడాలనే చూశాం. మాస్కుల వెనకనుంచి అరిచాం, చెవి మిషన్ కొన్నాం. చేతులు ఖాళీగానే ఉన్నాయని ఎవరికీ తట్టలేదు.

అప్పుడే హరిభాయ్ నిద్ర లేచి, ఒళ్ళు విరుచుకుని, పొట్ట ముందు పెట్టుకుని మావైపు నడిచి వస్తున్నాడు. నేను బాపు కళ్ళలో పడేలా జరిగి, అరచేత్తో నా పొట్ట మీద గుండ్రంగా రాసి, కళ్ళతో వెనక్కి చూపించాను. సేఠ్ వస్తున్నాడు, జాగ్రత్త.

బాపు వెనక్కి తిరిగి చూశాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత మాస్కు కిందికి లాగి, గట్టు దద్దరిల్లేలా నవ్వాడు. ఎండ్రకాయలన్నీ ఒక్క దెబ్బకు బొరియల్లో దూరాయి. అమ్మ రొట్టె చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "ఏందే, ఏమయింది? మీ బాపుకు ఏమయింది?"

"ఏం కాలేదే, సేఠ్ అచ్చిండు" అన్నాడు బాపు, కళ్ళు తుడుచుకుంటూ. హరిభాయ్‌కు సంగతి చెబితే ఆయన తన పొట్టను తనే రెండుసార్లు నిమిరి, "సేఠ్‌ను కాబట్టే ఈ రోజు ఆటో మీటరు చూడట్లేదు బెన్" అన్నాడు.

ఆ పూటంతా మేం నోరు తెరవలేదు. ఆకలి, నీళ్ళు, ఎండ, అటు చూడు, అన్నీ చేతులతోనే. నాకు తెలియని గుర్తులు బాపు నేర్పాడు, నేను తప్పు చేస్తే నా వేళ్ళు పట్టుకుని సరిచేశాడు. పొద్దు వాలేవేళకు సుర్ఖాబ్‌లు మళ్ళీ ఖాడీకి తిరిగొచ్చాయి, పొద్దుటికంటే చాలా దగ్గరగా. మేం ముగ్గురం గట్టు కింద కూర్చున్నాం. గుంపులో కొన్ని పిల్లలు బూడిద రంగులో ఉన్నాయి. బాపు వాటిని చూపించి, చొక్కా అంచు రెండు వేళ్ళతో రుద్ది, చెయ్యి అడ్డంగా ఊపాడు. నాకు అర్థం కాలేదు. నా చెవిలో చాలా మెల్లగా, నిజంగానే మెల్లగా చెప్పాడు. "గవి కోరా గుడ్డలు బిడ్డా. ఇంక డైయింగ్‌కు పోలె." ఆగి, "పెద్దయి మాత్రం ఉతికితె ఎలిసిన రాణీ రంగు. పొద్దుగాల నేను ఒర్రితెనే గద, రెక్కల కింది అసలు రంగు బయటపడ్డది" అన్నాడు. పొద్దున నేను చెప్పిన మాట ఆయనకు అందలేదు. ఆయనే చూసుకున్నాడు.

కాసేపటికి బాపు అమ్మ వైపు తిరిగాడు. మీసం మెలేసినట్టు చూపించాడు. అది యాదగిరి కాక పేరు, సాంచాల దగ్గర ఆయన్ను అలాగే పిలిచేవారు. తర్వాత రెండు వేళ్ళు కలిపి, టక్కున విడదీశాడు. విడదీసిన వేళ్ళు అలాగే గాల్లో ఉండిపోయాయి. దారం తెగింది.

కాక పోయాక ఆ మాట బాపు ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఆ చేతిని పట్టుకుంది. బాపు బొటనవేలు, చూపుడువేలు తీసుకుని, దగ్గరికి చేర్చి, తన వేళ్ళతో నలిపింది. అతుకు వేశాను, నడిపించు. అమ్మకు ఈ గుర్తులు తెలుసని నాకు తెలియదు. ఇంట్లో కూర్చుని దారం కండెలు చుట్టి కార్ఖానాకు ఇచ్చి వచ్చేది కదా, అక్కడే ఎప్పుడో నేర్చుకుని ఉంటుంది. బాపు ఏడ్చాడు. చప్పుడు లేకుండా, మాస్కు తడిసేదాకా ఏడ్చాడు. అంత దగ్గరలో ఉన్న పక్షుల్లో ఒక్కటి కూడా తల ఎత్తలేదు.

ఆటోలోకి ఎక్కేటప్పుడు అమ్మ ఆయన భుజం మీద చెయ్యేసి మామూలు గొంతుతో, అంటే అరుస్తూనే అంది. "తెగినకాడ ఆపుకొని కూసుంటె ఎట్లనయ్యా? జర నడిపియ్యాలె." రాత్రి జశుబెన్ ఆ శ్రీకాకుళం రొయ్యలు వేపుడు చేసి పెట్టింది. ఇంకొంచెం వెయ్యనా అని గరిటె చూపించి అడిగితే బాపు తల ఊపలేదు. "చాలు బెన్, నిన్నటి పులుసుతోనే పొట్ట సేఠ్ లెక్క అయింది" అన్నాడు.

తిరిగొచ్చి నెల దాటింది. మూడో వేవ్ అంటున్నారు, మాస్కులు ఇంకా ఉన్నాయి, బాపు చెవులూ అలాగే ఉన్నాయి. ప్రయాణాలు రోగాలు నయం చేస్తాయని నేను రాయలేను. కాక లేని లోటు కూడా తీరలేదు. కానీ బాపు ఇప్పుడు సాయంత్రం చాయ్ వేళకు కార్ఖానా వీధికి వెళ్తున్నాడు. నిన్న నేను మార్కెట్ నుంచి వస్తూ చూశాను. చాయ్ బండి చుట్టూ పాత సాంచావాళ్ళు దూరం దూరంగా నిలబడి ఉన్నారు, అందరికీ మాస్కులు, అందరి చేతులూ గాల్లో. ఆరడుగుల దూరం వాళ్ళకొక లెక్కా? సాంచాల మధ్య అంతకంటే దూరం నుంచే బతుకంతా మాట్లాడుకున్నారు. బాపు నన్ను చూసి చెయ్యి పైకెత్తి తనవైపు లాక్కున్నాడు. నేను వెళ్ళి చాయ్ తాగాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. దీవ్‌లో అందరూ బీచ్‌కు ఏ వేళకు వెళ్ళాలో అడుగుతారు, మీరు ఖాడీలో నీళ్ళు ఎప్పుడు దిగుతాయో అడగండి. ఆ వేళ రోజూ మారుతుంది, మీరు దిగిన ఇంటివాళ్ళు చెబుతారు. బురద తేలాక గట్టు మీద కూర్చోండి. మీ అడుగుల చప్పుడుకు ఎండ్రకాయలన్నీ లోపలికి పోతాయి, ఇక్కడేమీ లేదనిపిస్తుంది. పిలవకండి, రాళ్ళు వెయ్యకండి, లేచి వెళ్ళిపోకండి. కదలకుండా కాసేపు ఉంటే ఒక్కొక్కటే బయటికి వచ్చి చెయ్యి ఊపుతాయి.